తెర మీద కత్తెర

హిందూపురంలో కంప్యూటర్ శిక్షణకు మా బడి నుంచి నన్ను పంపడానికి కారణం నా తెలివితేటలే అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ నోట్లో చక్కెర పొయ్య. మా బడిలో ఉండేది హెడ్మాస్టరు, ఇంకో మాస్టరు, నేను. ఆ వారం మాస్టరుగారి మేనకోడలి పెళ్ళి. హెడ్మాస్టరుగారికేమో కరెంటుతో నడిచే వస్తువంటే భయం, ఇస్త్రీ పెట్టెను కూడా ఆమడ దూరం నుంచే పలకరిస్తారు. ఇక మిగిలింది నేను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కాదనడానికి నోరుంది గానీ సీనియారిటీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు అవి. మాది పెనుకొండ. బడి ధర్మవరంలో, పట్టు మగ్గాల వీధుల మధ్య. రోజూ పొద్దున ధర్మవరం వైపు ప్యాసింజరు ఎక్కడం, సాయంత్రం అందులోనే నిద్రపోతూ ఇంటికి రావడం, ఇదీ నా బతుకు. హిందూపురం అదే రైలు దారిలో రెండో వైపు. కాబట్టి ఆ వారం నేను స్టేషన్లో అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. అంతమాత్రానికే నాకు ఏదో దేశాంతరం పోతున్నంత హుషారు పుట్టింది.

శిక్షణ హాలు గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప చూసి భజన జరుగుతోందేమో అనుకున్నాను. కంప్యూటర్‌కు దుమ్ము పడదట, అందుకని అందరూ కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాలట. లోపల ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురేసి టీచర్లు కూర్చున్నారు. మడకశిర నుంచి వచ్చినవాళ్ళు సగం కన్నడంలో, తాడిమర్రి నుంచి వచ్చినవాళ్ళు పూర్తి తెలుగులో మౌస్‌కు భయపడుతున్నారు. నా పక్కనున్న పెద్దాయన మౌస్‌ను గాల్లోకి ఎత్తి తెర ముందు అటూ ఇటూ ఆడించాడు. బాణం కదలకపోయేసరికి, "ఇది చచ్చిపోయినట్టుండాది సార్" అని అందరికీ వినపడేలా చెప్పాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాను. కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చేసరికి నా వంతు వచ్చింది. నేను కూడా గాల్లోకే ఎత్తాను.

తర్వాత సీడీ పెట్టారు. అందులో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా లెక్కల పాఠాలు. నాకు చిన్నప్పుడు భిన్నాలు ఎలా వచ్చాయో చెప్తే గానీ ఆ రోజు నా ఆనందం మీకు అర్థం కాదు. భిన్నంతో భాగించాలంటే దాన్ని తలకిందులు చేసి గుణించమన్నారు, గుణించాను. ఎందుకు తలకిందులు చెయ్యాలి సార్ అని అడిగితే బెంచీ ఎక్కమన్నారు, ఎక్కాను. అంతటితో ఆ విషయం నాకూ మా సారుకూ మధ్య ముగిసిపోయింది.

ఇక్కడ తెర మీద ఒక రొట్టె కనిపించింది. మౌస్‌తో గీత గీస్తే సగమైంది. ఇంకో గీత గీస్తే సగంలో సగమైంది. పావులన్నీ ఏరి గిన్నెలో వేస్తే గిన్నె నాలుగు అని చెప్పింది. రెండు రొట్టెలు కోస్తే ఎనిమిది అంది. అంటే రెండును పావుతో భాగించడమంటే రెండింటిలో ఎన్ని పావులున్నాయో చూడడమా! "ఓహో, తలకిందులు చేసేది ఇందుకా!" అని పైకే అరిచేశాను. హాలంతా తిరిగి నన్ను చూసింది. నేనేం సిగ్గుపడలేదు. ఇన్నేళ్ళ తర్వాత బెంచీ దిగినంత సంతోషంగా ఉంది.

శిక్షణ ఇచ్చే సారు సన్నగా, నవ్వు మొహంతో ఉండేవాడు. ఆయన చెప్పిందల్లా ఒకటే. "పిల్లలకు సమస్య ఇవ్వండి. దారి చెప్పకండి. వాళ్ళే వెతుక్కుంటారు. మీరు నోరు మూసుకుని నిలబడండి."

వెనక వరుసలో ఎవరో లేచి అడిగారు. "దారి గూడా చెప్పకపోతే మాకు జీతమెందుకు సార్?"

"నోరు మూసుకుని నిలబడినందుకే. అదెంత కష్టమో చేసి చూడండి, జీతం చాలదంటారు."

చివరి రోజు అసలు సంగతి బయటపెట్టారు. బడులు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. అందుకని కొన్ని బడులకు ఒక్కోటి ఇచ్చి చూస్తారట. వార్షిక పరీక్షల ముందు పెనుకొండ నుంచి ఒక అధికారి వస్తాడు. పిల్లలు అంతకుముందు చూడని పాఠం ఒకటి తెరుస్తాడు. దాన్ని పిల్లలు తమంతట తామే సాధించాలి. సాధిస్తే కంప్యూటర్ ఆ బడిదే. సాధించకపోతే మూట కట్టి వరుసలో ఉన్న తర్వాతి బడికి పంపేస్తారు. టీచరు ఒక్క మాట అందించినా సాధించనట్టే లెక్క. ఆ చివరి వాక్యం విని నా గుండె జారింది. మా పిల్లల మీద నాకు నమ్మకమే, నా నోటి మీదే లేదు.

కంప్యూటర్‌ను ధర్మవరం చేర్చే భారం మాదే. హెడ్మాస్టరుగారు గొణుక్కుంటూ హిందూపురం వచ్చారు. రైల్లో కిటికీ పక్కన నేను మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పటి మానిటర్ అంటే చంటిపిల్ల కాదు, ఎదిగిన దూడ. నా మోకాళ్ళు రెండూ స్పర్శ కోల్పోయాయి. హెడ్మాస్టరుగారు మిగతా పెట్టెను కాళ్ళ మధ్య ఇరికించుకుని, అది ఎప్పుడు షాక్ కొడుతుందోనని పంచె పైకి దోపుకున్నారు. దానికి కరెంటు లేదని ఎంత చెప్పినా వినలేదు.

ఎదురుగా కూర్చున్న అవ్వ మానిటర్‌ను తేరిపార చూసింది. "కలర్ టీవీనా తల్లీ? ఎన్ని దుడ్లు పెట్టి కొంటివి?"

"టీవీ కాదవ్వా, కంప్యూటర్. పిల్లలకు లెక్కలు నేర్పుతాది."

అవ్వ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మరి నువ్వేం జేస్తావు?"

"నేను నోరు మూసుకుని నిలబడతానవ్వా."

"అట్లయితే మంచి ఉద్యోగమే" అంది అవ్వ. హెడ్మాస్టరుగారు ఆ ప్రయాణంలో నవ్వింది అప్పుడొక్కసారే.

బడిలో దాన్ని దించగానే ఆయన ధైర్యం కోసం కొబ్బరికాయ కొట్టించారు. మాది చర్చికి పోయే ఇల్లు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, కుంకుమ తెర మీద కాకుండా అంచున పెట్టమని మాత్రం బతిమాలాను. కళ్ళు మూసుకుని లోలోపల నేనూ ఒక ప్రార్థన చేసుకున్నాను. అన్ని వైపుల నుంచీ అండ ఉంటే మంచిదే కదా.

ఇక మొదలైంది సంబరం. సీడీలో ఒక గున్న ఏనుగు ఉండేది. సమాధానం ఒప్పయితే చెవులాడించి రెండడుగులు చిందేస్తుంది. తప్పయితే దభీమని కూలబడి, తొండం నెత్తిన పెట్టుకుని, బావురుమని ఏడుస్తుంది. ఈ పాఠాలు తయారుచేసినవాళ్ళెవరో గానీ వాళ్ళకు పిల్లల సంగతి తెలియదు. మా వాళ్ళకు చిందు నచ్చలేదు, ఏడుపు నచ్చింది. ఒకడు ఏడును ఎనిమిదితో గుణిస్తే మూడు అని కొట్టాడు. ఏనుగు కూలబడింది. తరగతి మొత్తం కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాతి వాడు రెండు అన్నాడు. మళ్ళీ కూలబడింది. పక్క తరగతి వాళ్ళు కిటికీల దగ్గర చేరారు. బడంతా కలిసి ఆ ఏనుగును కరెంటు పోయేదాకా ఏడిపించి చంపింది.

నాకు ఒళ్ళు మండింది. అరిచాను, బెత్తం చూపించాను, కంప్యూటర్ కట్టేస్తానని బెదిరించాను. ఎవరూ లెక్కచెయ్యలేదు. చివరికి ఒక షరతు పెట్టాను. "ఏనుగును ఏడిపించుకోండి. కానీ ఏడిపించినవాళ్ళు లేచి, ఆ లెక్క ఎందుకు తప్పో అందరికీ చెప్పాలి." దాంతో వాళ్ళకు కొత్త చిక్కు వచ్చిపడింది. కావాలని తప్పు చెయ్యాలంటే ముందు ఒప్పేదో తెలియాలి. తెలియకుండా ఏదో ఒకటి కొడితే ఖర్మ కాలి ఒక్కోసారి అదే ఒప్పయి కూర్చుంటుంది, ఏనుగు చిందేస్తుంది, పరువు పోతుంది. ఏనుగును గ్యారంటీగా ఏడిపించడం కోసం మా నాలుగో తరగతి మగపిల్లలు ఎక్కాలు బట్టీ కొట్టారు. ఇది నేను ఏ శిక్షణలోనూ వినలేదు.

ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాయన మగ్గం నేస్తాడు. పలక మీద సమాధానం రాసి దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. చూపించమంటే తల వంచేసేది. ఒప్పు రాసినా అంతే, తప్పు రాసినా అంతే. తన గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. ఆ పిల్లకు కంప్యూటర్ ముందు వంతు వచ్చిన రోజు కుర్చీ అంచున కూర్చుంది. ఏదో కొట్టింది. తప్పయింది. ఏనుగు కూలబడి ఏడ్చింది. పిల్ల బిక్కమొహంతో నా వైపు చూసింది, మళ్ళీ ఏనుగు వైపు చూసింది, కిసుక్కున నవ్వింది. తప్పు చేస్తే తిట్టకుండా తనే ఏడ్చే లెక్కల మాస్టరును ఆ పిల్ల మొదటిసారి చూసింది. ఆ తర్వాత మౌస్ వదిలితే ఒట్టు. ఇంకో పావుగంటకు, "మేడం, ఇంకోటి" అని అడిగింది. ఆ గొంతు బొంగురుగా, గట్టిగా, బ్రహ్మాండంగా ఉంది.

అప్పటి నుంచి ఆ పెట్టె మా బడి దాటి పోతుందనే ఊహ వస్తే నాకు అన్నం సహించేది కాదు. అది పోతే ఆ పిల్ల మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను మళ్ళీ తలకిందులు చేసి గుణించండి అంటాను. రాత్రి మంచం మీద పడుకుని నోరు మూసుకోవడం ప్రాక్టీసు చేసేదాన్ని. మా నాయన వచ్చి పన్ను నొప్పా అని అడిగారు.

సమస్య ఇవ్వండి అన్నారు కదా, సమస్య కోసం నేను వెతకాల్సిన పని పడలేదు. బడి నడిచే వేళలో కరెంటు ఉండేది పది నుంచి పన్నెండు దాకా. కంప్యూటర్ ఒకటి, పిల్లలు బడి నిండా. ఎవరికెంతసేపు? రోజూ కొట్లాటే. "మీరే తేల్చండి, అందరికీ సమానంగా రావాలి" అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. రెండు రోజులు బడి సంతలా అరిచింది. గంటలో ఎన్ని నిమిషాలు, నిమిషంలో ఒక లెక్కయినా తెగుతుందా, ముగ్గురు కలిసి కూర్చుంటే ఎంతొస్తుంది, రాని వాళ్ళ భాగం ఎవరికి పోవాలి, అన్నీ గోడ మీద బొగ్గుతో రాశారు. ఆఖరికి ముగ్గురేసి జట్లు కట్టారు. ఒకరు మౌస్ పట్టాలి, ఒకరు లెక్క చదవాలి, ఒకరు వెనకున్నవాళ్ళు అందించకుండా కాపలా కాయాలి. అంతా బాగుందనుకునేలోపు మూడో తరగతి వాడొకడు తన నిమిషాలను చింతపండు బిళ్ళలకు అమ్ముకుంటూ దొరికాడు. హెడ్మాస్టరుగారు వాణ్ణి చెవి పట్టుకుని తెచ్చారు. "ఇది బడా, సంతా?" అని ఆయన నన్నే అడిగారు. ఒక బిళ్ళకు రెండు నిమిషాలయితే అర బిళ్ళకు ఒకటి అని వాడు సరిగ్గానే లెక్క కట్టాడు, ఏమని తిట్టను?

ఇంతలో అధికారి వచ్చే తేదీ తెలిసింది. హెడ్మాస్టరుగారు క్యాలెండర్ చూసి నసిగారు. "ఆ పొద్దు అమాస గదమ్మా. మార్చమని అడుగుదామా?"

నాకు కోపం నషాళానికి అంటింది. "సార్, లెక్కలకు అమావాస్యేంది, పున్నమేంది? అమావాస్య నాడు రెండు రెళ్ళు మూడవుతాయా?"

ఆయన పాపం క్యాలెండర్ కాగితం కిందికి వదిలేశారు. అమావాస్యకు మగ్గాలు ఆపుతారన్నంత వరకే నాకు తెలుసు. మా ఇంట్లో ఆదివారం తప్ప ఇంకో పర్వం లేదు.

ఆ రోజు రైలు దిగి వస్తుంటే మగ్గాల వీధి చడీచప్పుడు లేకుండా ఉంది. రోజూ ఇంటింటి నుంచీ వినపడే టకటకలు లేవు. మగవాళ్ళంతా తలంట్లు పోసుకుని అరుగుల మీద కూర్చున్నారు. వాళ్ళకూ పొద్దుపోవాలి కదా, బడికి ఎవరో ఆఫీసరు వస్తున్నాడని తెలిసి నా వెనకే వచ్చేశారు. పది గంటలకల్లా తరగతి గది కిటికీలన్నీ తండ్రుల తలలతో నిండిపోయాయి. గాలి రావడం లేదని హెడ్మాస్టరుగారు ఎంత మొత్తుకున్నా ఒక్క తల కదలలేదు.

అధికారి మెత్తటి మనిషి. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. "మేడం, ఇంక మీరు మాట్లాడకూడదు" అని నవ్వుతూ చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ పట్టే వంతు ఆ బొంగురు గొంతు పిల్లది. కరెంటు ఉంది. కంప్యూటర్ బుద్ధిగా వెలిగింది. ఆయన ఎవరూ తెరవని పాఠం తెరిచాడు.

తెర మీద ఎర్రటి బట్ట ఒకటి పరుచుకుంది, దానికి పసుపు రంగు అంచు. పక్కన కత్తెర బొమ్మ. పాఠం గొంతు వినిపించింది. "ఆరు మీటర్ల బట్ట ఉంది. ఒక్కో చొక్కాకు ముప్పావు మీటరు కావాలి. ఎన్ని చొక్కాలు అవుతాయి? కత్తెరతో కోసి చూడండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. భిన్నాలే! రొట్టెల దగ్గర వీళ్ళు చేసిన పనే! పిల్ల కత్తెరను పట్టుకుంది. బట్ట దాకా తీసుకెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెనక్కి తెచ్చి కత్తెరను దాని చోట్లో పెట్టేసింది.

కొయ్యవే తల్లీ అని లోపల అరిచాను. పిల్ల పక్కవాడికి మౌస్ ఇచ్చింది. వాడు కత్తెరను ముట్టుకున్నాడు, కాలినట్టు చెయ్యి తీసేశాడు. కాపలా కాసే పిల్ల అసలు ముట్టుకోనే లేదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక పిల్లలంతా తల అడ్డంగా ఊపుతున్నారు. కిటికీల్లో తండ్రులు కూడా ఊపుతున్నారు. నాకేమీ అంతుపట్టలేదు. నాలుక పళ్ళ కింద నలిగిపోతోంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు, పెట్టె పోతుంది. అనకపోయినా పోయేటట్టే ఉంది.

అధికారి పెన్ను మూత తీశాడు. "ఏమ్మా, తెలీదా?"

"తెలుసు సార్" అంది పిల్ల. "కొయ్యకూడదు."

"ఎందుకు కొయ్యకూడదు?"

"ఈ పొద్దు అమాస గదా సార్. అమాస నాడు ఎవురన్నా చీర కోస్తారా?"

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇది చీర కాదమ్మా, బొమ్మ."

"అంచు ఉండాది గదా సార్. ఆరు మీటర్లు గూడా ఉండాది."

కిటికీలోంచి ఒక తల అందుకుంది. "చీరే సార్ అది, అనుమానమే ల్యా."

ఇంకో కిటికీ మండిపడింది. "అయినా నేసిన చీరను కోసి చొక్కాలు కుట్టేదేంది? ఎవరప్పా ఈ లెక్క రాసినోడు? యాడుంటాడు?"

నవ్వులు మొదలయ్యాయి. అధికారి లేచాడు. "చూడండి, ఏమీ కాదు" అని తనే మౌస్ పట్టుకుని కత్తెరను బట్ట మీదికి తెచ్చాడు. "వద్దు సార్!" అని పిల్లలు, తండ్రులు, చివరికి మా హెడ్మాస్టరుగారు కూడా ఒక్కసారిగా అరిచారు. ఆయన ఉలిక్కిపడి మౌస్ వదిలేశాడు. తర్వాత చేతులు కట్టుకున్నాడు.

"సరే. కొయ్యకుండా చెప్పండి చూద్దాం."

పిల్లలు కుప్పగా చేరారు. గుసగుసలు, మోచేతి పోట్లు, నువ్వుండు నువ్వుండు అని తోపులాట. ఆ కుప్పలోంచి పిల్ల తల బయటికి వచ్చింది. "నాయనా, నీ టవాలు ఇయ్యి!" కిటికీలోంచి టవాలు వచ్చి పడింది. నేల మీద పరిచి, దీన్ని మీటరు అనుకోండి అంది. సగానికి మడిచింది, మళ్ళీ సగానికి మడిచింది, విప్పింది. మడతల గుర్తులతో నాలుగు భాగాలు. మూడు భాగాల మీద చెయ్యి వేసి, "ఇది ఒక చొక్కా. ఒక పావు మిగిలె" అంది. పక్కవాడు ఇంకో కిటికీ దగ్గర ఇంకో టవాలు లాక్కొచ్చాడు. ఇంకో చొక్కా, ఇంకో పావు. మూడో టవాలు ఎవరూ అడక్కుండానే ఎగిరొచ్చి అధికారి భుజం మీద పడింది. మూడో చొక్కా, మూడో పావు. మిగిలిన పావులు మూడూ పక్కపక్కన చేర్చేసరికి నాలుగో చొక్కా తయారు.

"అతుకుల చొక్కా ఎవురేసుకుంటారే?" అన్నాడు ఒకడు వెనక నుంచి.

"అతుకు యాడిదిరా? టవాళ్ళంటే మూడు గానీ, ఆడ బట్ట ఒకటే గదా!" అని కసిరింది పిల్ల. అధికారి వైపు తిరిగింది. "మూడు మీటర్లకు నాలుగు చొక్కాలు సార్. ఆరుకు ఎనిమిది."

ఇరవై నాలుగు పావులు చేసి మూడుతో భాగించడం ఒక్కటే దారి అనుకుంటున్న నేను నోరు తెరిచేశాను, మాట మాత్రం బయటికి రాలేదు. అది ఎవరూ చెప్పని దారి. హిందూపురం సారు కూడా చెప్పలేదు.

అధికారి భుజం మీది టవాలు తీయకుండానే నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంది. "మేడం, నిజం చెప్పండి. ఇట్ల టవాళ్ళతో చెయ్యమని మీరే ముందు నేర్పించినారా?"

"ఇప్పుడు మాట్లాడొచ్చా సార్?"

"మాట్లాడండి."

"నేను నేర్పించుంటే ఆ కత్తెరతో కోయించుండేదాన్ని సార్!" పొద్దుటి నుంచీ ఆపుకున్నదంతా కట్ట తెగింది. "వాళ్ళు కొయ్యకుండా కూర్చుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి! చర్చికి పోయేదాన్ని, చీర కొయ్యకూడదని నాకేం తెలుసు! తెలిసుంటే ఈ పొద్దు మిమ్మల్ని రానిచ్చేదాన్నా?"

ఆయన మొదట పెదవులు బిగించాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి, ఆ టవాలుతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అలా నవ్వుతూనే ఫైలు తెరిచి రాశాడు. "పెట్టె ఈడనే ఉంటుంది" అన్నాడు.

ఆ తర్వాత లేచిన అరుపులకు ధర్మవరంలో అమావాస్య ఎగిరిపోయి ఉండాలి. పిల్లలు బల్లలెక్కారు. తండ్రులు కిటికీల్లోంచి ఈలలు వేశారు. హెడ్మాస్టరుగారు భయం మర్చిపోయి కంప్యూటర్‌ను కౌగిలించుకున్నారు. నేను ఒక మూల నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నారు మేడం అని పిల్లలు అడిగితే, నోరు తెరవండిరా అని ఏదో సంబంధం లేని మాట అన్నాను. సంతోషమంటే అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

మరుసటి రోజు పొద్దున వీధిలో మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. పది గంటలకు కరెంటు రాగానే ఆ పిల్ల తన వంతు కాకపోయినా వచ్చి కూర్చుంది. ఎవరూ అడ్డుచెప్పలేదు. నిన్నటి పాఠం తెరిచి, కత్తెర పట్టుకుని, ఎర్ర బట్టను ముప్పావు మీటరు చొప్పున చకచకా కోసేసింది. పక్కన ముక్కలు పేర్చుకుంటూ పోయి, కంప్యూటర్ ఎనిమిది అని చూపించింది. పిల్ల తెరను ఒకసారి పరీక్షగా చూసి, తృప్తిగా తలాడించి, నా వైపు తిరిగింది.

"మేడం, నిన్న మేము చెప్పిందే ఇది గూడా చెప్తాండాది. సరిగ్గానే చేసింది."

అట్లా ఆ కంప్యూటర్ మా బడిలో పాసైంది.